ఇంట్లోకి వచ్చిన అదురు

ఇంటి థియేటర్‌లోని సబ్‌వూఫర్ పాటల కోసం వచ్చిందని చాలామంది నమ్మకం. నిజానికి అది సినిమా హాలు నుంచి ఇంటికొచ్చింది. 1974లో యూనివర్సల్ సంస్థ ‘ఎర్త్‌క్వేక్’ చిత్రానికి సెన్సరౌండ్ పద్ధతి తెచ్చింది. హాల్లో పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు నిలిపి, చెవికంటే ఒంటికే ఎక్కువ తెలిసే మంద్రధ్వనితో కుర్చీలను అదరగొట్టారు. పక్క హాలు ప్రేక్షకులకు అది పెద్ద బెడదయింది. 1977లో ‘స్టార్ వార్స్’ 70 ఎం.ఎం. ప్రింట్ల కోసం తెర వెనుక స్పీకర్లలో కొన్నింటిని ఈ మంద్రధ్వనికే కేటాయించారు. 5.1 సరౌండ్ ధ్వనిలోని ‘.1’ చానల్ ఆ వరుసలోదే: 120 హెర్ట్జ్ దాకా మాత్రమే పలుకుతుంది, మిగతా చానళ్లకంటే 10 డెసిబెల్స్ ఎక్కువ జోరు చూపగలదు.

సంగీతప్రియులు అంతకుముందే విడి బాస్ పెట్టెలు వాడారు కదా అనవచ్చు. వాడారు. కానీ అవి స్టీరియో స్పీకర్ల లోటు పూడ్చాయి, వాటికంటూ వేరే చానల్ లేదు. నేటి రిసీవర్ రెండు పనులూ ఒకే పెట్టెకు అప్పగిస్తుంది. రిసీవర్ సెట్టింగుల్లో స్పీకర్లను ‘స్మాల్’గా ఎంచి ధ్వనిని 80 హెర్ట్జ్ దగ్గర విడదీస్తే, చిన్న స్పీకర్లు మోయలేని భాగం కూడా సబ్‌వూఫర్‌కే చేరుతుంది. అంత కింది ధ్వని ఎటునుంచి వస్తోందో చెవి సులువుగా పోల్చుకోలేదు. అందుకని పెట్టెను ఎక్కడైనా పెట్టొచ్చనడం సగం నిజమే, గది మూల మోతను పెంచేస్తుంది. హాలు కోసం పుట్టిన ఈ జోరును అపార్ట్‌మెంట్ గోడ ఆపలేదు. రాత్రిపూట సబ్‌వూఫర్ వాల్యూమ్ తగ్గించండి.