దేహము ఎవరికి సాక్ష్యము? బహ్రెయిన్ వైద్యశాలలయందు రోగి హక్కుల విచారము

రోగి వైద్యుని యెదుట తన దేహమును, దానితోడి రహస్యమును దాపఱికము లేక విప్పుట, ఆ తెలిసినది చికిత్సకే తప్ప మఱి యెందులకును వినియోగింపబడదను నమ్మకముచేతనే గదా. ఆ నమ్మకము చెడినచోట ఔషధము లెన్ని యున్నను, శస్త్రవైద్యు లెంత సమర్థులైనను, రోగి గడప దాటకయే మరలిపోవును. కావున అంగీకారము, గోప్యత, నష్టపరిహారము అను హక్కులన్నిటికిని పూర్వమే నిర్భయముగ వైద్యశాలకు పోగలుగుట అను హక్కు కలదని నా అభిప్రాయము. దానిని పరిశీలించుటకు బహ్రెయిన్ ద్వీపరాజ్యము తగిన రంగము.

సల్మానియా వైద్యసముదాయము ఆ దేశమందలి ప్రధాన ప్రభుత్వ వైద్యశాల. 2011 ఫిబ్రవరి 14న ప్రజాందోళన మొదలై, 17వ తేదీ వేకువజామున పెర్ల్ కూడలిలో నిదురించుచున్న ఆందోళనకారులను పోలీసులు చెదరగొట్టగా, గాయపడినవారు సల్మానియాకే తరలింపబడిరి. వాహనములు నిలుపు ఆవరణలో గుడారములు వెలసినవి. వైద్యులలో కొందఱు నినాదములందును పాలుగొనిరి. మార్చి 16న భద్రతాదళములు వైద్యశాలను స్వాధీనపఱచుకొనినవి. మఱునాడు అలీ అల్ ఎక్రీ అను ఎముకల శస్త్రవైద్యుని ఆపరేషన్ థియేటరు నుండియే నిర్బంధించి తీసికొనిపోయిరి. డాక్టర్స్ వితవుట్ బార్డర్స్ సంస్థ ఆ యేప్రిలులో ప్రకటించిన నివేదిక అంతకంటె దారుణమైన పరిణామమును బయటపెట్టెను: పెల్లెట్ల గాయముతో వచ్చినవాడు ఆ గాయముచేతనే ఆందోళనకారుడని గుర్తింపబడుచుండుటచే, క్షతగాత్రులు వైద్యశాల ముఖము చూడక ఇండ్లలోనే చాటుగ చికిత్స పొందసాగిరి. కట్టు కట్టవలసిన గాయము అభియోగమునకు ఆధారమైనది.

ఆ సెప్టెంబరు 29న జాతీయ భద్రతా న్యాయస్థానము 20 మంది వైద్యసిబ్బందికి 5 మొదలు 15 సంవత్సరముల వఱకు కారాగారశిక్షలు విధించెను. ప్రపంచమంతట నిరసన చెలరేగగా విచారణ పౌరన్యాయస్థానమునకు మాఱి, 2012 జూన్ 14న 9 మంది నిర్దోషులుగ విడుదలైరి. మఱి 9 మంది శిక్షలు తగ్గినవి. అక్టోబరు 1న అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పునే స్థిరపఱచెను. షరీఫ్ బస్సియూనీ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము 2011 నవంబరు 23న సమర్పించిన నివేదికలో రెండు పక్షములను తూచినది: వైద్యులలో కొందఱు రాజకీయకార్యకర్తలుగను వ్యవహరించిరనియు, భద్రతాదళములు వైద్యసిబ్బందిని అక్రమముగ నిర్బంధించి కొందఱిపై చేయిచేసికొనినవనియు తేల్చెను. వైద్యుడు నినాదమిచ్చుట ఉచితమా అను చర్చకు తావు కలదు. అయినను అతడు చేసిన తప్పిదమునకు అతని బల్లపై నున్న రోగి మూల్యము చెల్లింపవలసి వచ్చుటను ఏ ధర్మశాస్త్రమును సమర్థింపజాలదు.

ఆ గాయముల మాట అటుంచి, ఆందోళనలతో నిమిత్తమే లేని మన కూలీల సంగతి చూతము. కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి బహ్రెయినునకు పోయినవాడు, ఇచటి తొలిపరీక్షకు తోడు, అక్కడ దిగిన పిమ్మట మరల వైద్యపరీక్షకు నిలువవలెను. రక్తములో ఎచ్ఐవీ కనబడినచో చికిత్సకు బదులు స్వదేశమునకు పంపివేయుటయే విధి. 2002 రాజ్యాంగము 8వ అధికరణము ఆరోగ్యరక్షణను ప్రతి పౌరుని హక్కుగ ప్రకటించినది. జనాభాలో సగమునకు మించినవారో పౌరులు కారు. వారి వైద్యము యజమాని చెల్లించు రుసుముపైనను, చేతనున్న సీపీఆర్ అను గుర్తింపు కార్డుపైనను ఆధారపడి యున్నది. యజమానిని విడిచి ‘ఖల్లివెల్లి’గ బ్రతుకువాడు, కార్డు గడువు తీరినచో, జ్వరము ముదిరినను మాత్రలతోనే కాలము వెళ్లబుచ్చును. పెల్లెట్ల గాయముతో దాగినవానికిని, గడువు తీరిన కార్డుతో దాగినవానికిని భయ మొక్కటియే: వైద్యుడు చూచినది అధికారికి చేరునేమో యని.

క్షయవంటి అంటువ్యాధిని కనిపెట్టుట రాజ్యమునకు విధియేయని అంగీకరింపవలసినదే. కనిపెట్టి చికిత్స చేయుట వేఱు, కనిపెట్టి వెలివేయుట వేఱు. సహవాసమాత్రమున సోకని ఎచ్ఐవీకి ఆ వాదము బొత్తిగ పొసగదు.

ఇచట మన బాధ్యతయు కలదు. గల్ఫుకు పోవువాని తొలిపరీక్ష, గామ్కా అని జనులు వాడుకగ ననునది, హైదరాబాదులోనే జరుగును; అది భారతశాసనమునకు లోబడిన నేల. 2017 నాటి ఎచ్ఐవీ, ఎయిడ్స్ చట్టము ఉద్యోగమునకు ఆ పరీక్షను షరతుగ విధించుటను వివక్షగ నిషేధించి, పరీక్షకు ముందును తరువాతను సలహా నిచ్చి, విషయము తెలిపి పొందిన సమ్మతి తప్పనిసరియని శాసించినది. వీసా నియమ మన్యదేశముది యను సమాధానము ఇచటి కేంద్రమును ఆ సమ్మతి విధినుండి విముక్తము చేయజాలదు. ‘అన్‌ఫిట్’ అని ముద్రవేసిన కాగితము చేతికిచ్చి పంపునపుడు, రోగమేమో, మందెక్కడ దొరకునో అతని భాషలో ఎవరో యొకరు చెప్పవలెను. ఆ ఫలితము ఏజెంటుకంటె ముందు అతనికే తెలియవలెను.