వాచికహాస్యము - సుత్తి వేలు

ఆంధ్రవాఙ్మయమున హాస్యచరిత్రను వ్రాసినవారు వీరేశలింగముగారి ప్రహసనములను, చిలకమర్తివారి గణపతిని, గురజాడవారి గిరీశమును తప్పక స్మరింతురు. ఇవి యన్నియు అచ్చుపడిన గ్రంథములలోనివి. పలుకుతో పుట్టి పలుకుతోనే అణగిపోవు హాస్యమునకు మన చరిత్రలలో చోటు స్వల్పము. నటుని కంఠము సారస్వతచరిత్రకు సామగ్రి కాదను తలంపు దీనికి కారణమనుకొందును. ఆ తలంపు సరికాదని నా వాదము.

ఇందులకు కృష్ణామండలమున మొవ్వ ప్రాంతమే సాక్ష్యము. మొవ్వకు చేరువనున్న కూచిపూడివారి భామాకలాపమున సూత్రధారుడే సత్యభామయెదుట మాధవి యగును, కృష్ణునియెదుట మాధవుడగును. ఆ మార్పునకు పలుకుతీరే ముఖ్యసాధనము. సభవారు మారు ప్రశ్న లేక దానిని అంగీకరింతురు.

ఈ సీమయందే, బందరు సమీపమున భోగిరెడ్డిపల్లియందు, 1947 ఆగస్టు 7వ తేదీన కురుమద్దాలి లక్ష్మీనరసింహారావుగారు జన్మించిరి. వీరు కూచిపూడి సంప్రదాయమును అభ్యసించిరని నేననుట లేదు. పలుకులోని చమత్కారమునకు చెవియొగ్గు జనుల నడుమ పుట్టిరని మాత్రమే అనుచున్నాను. బాల్యమున మిక్కిలి సన్నగా నుండుటచే ‘వేలు’ అను పేరు వచ్చినదందురు. నాటకరంగమునుండి వచ్చి, జంధ్యాల దర్శకత్వము వహించిన ‘ముద్దమందారము’ (1981)న తెరపై కనబడిరి. మరుసటియేట ‘నాలుగు స్తంభాలాట’ వెలువడినది. అందు వీరికి జతగా నిలిచినవారు మామిడిపల్లి వీరభద్రరావుగారు.

వీరభద్రరావుగారు విజయవాడ ఆకాశవాణి నాటకములలో ఆరితేరినవారు. 1948 డిసెంబరు 1న ఆరంభమైన ఆ కేంద్రము తీరాంధ్రమున ఇంటింట నాటకమును వినిపించినది. రేడియోనటునికి ముఖము లేదు, వేషము లేదు. చతుర్విధాభినయములలో వానికి దక్కినది వాచికమొక్కటే. ఆ శిక్షణ వారి ప్రతి పలుకునను తెలియుచుండును.

‘నాలుగు స్తంభాలాట’లో వీరభద్రరావుగారి పాత్ర అంతులేని కథలు చెప్పి ఎదుటివానిని వేధించును. వినక తప్పనివాడు వేలుగారి పాత్ర. నవ్వించువాడు వక్తయని సామాన్యముగ తలంతుము. నాకట్లు తోచదు. విసుగుపుట్టించు మాట స్వతః విసుగునే పుట్టించును గాని నవ్వును పుట్టింపదు. వినువాని అవస్థ వలననే అది హాస్యమగును. వేలుగారి సన్నని కంఠము, సాగదీసి దీనముగ పలుకు తీరు ఆ అవస్థను చెవికి అందించినవి. భరతుడు హాస్యమును ఆత్మస్థము, పరస్థము అని విభజించెను. ఇచ్చట నటులిరువురిలో ఎవరును నవ్వరు, నవ్వంతయు ప్రేక్షకునిదే. సందేహించువారు ఆ సన్నివేశమును కన్నులు మూసికొని వినవలెను, నష్టమేమియు కనబడదు.

కమ్మరి పనిముట్టుపేరైన ‘సుత్తి’ విసుగుపుట్టించు ప్రసంగమను అర్థమున తెలుగునాట వ్యాపించుటకు ఈ చిత్రమే హేతువు. నిఘంటుకారులు గమనింపవలసిన విషయమిది. ఆ మాటయే ఇరువురకును ఇంటిపేరైనది. మువ్వగోపాలముద్ర క్షేత్రయ్యను తెలిపినట్లు, ఈ ముద్ర వేలుగారిని తెలిపినది. కురుమద్దాలివారను మాట నేడు తెలిసినవారు కొందరే.

ముద్ర కీర్తినిచ్చును, బంధించును గూడ. ‘ప్రతిఘటన’ (1985)యందు టి. కృష్ణ దర్శకత్వమున వేలుగారు మతిచెడిన పోలీసుగా నటించిరి. విదూషకుని గొంతుగా జనులెరిగిన గొంతే అచ్చట ఆర్తనాదమైనది. నవ్వుటకు సిద్ధపడి కూర్చున్న ప్రేక్షకుడు నవ్వలేకపోయినాడు. వీరి నటనలో నేను అగ్రస్థానమిచ్చునది దీనికే. ఇట్టి పాత్రలు వీరికి మరికొన్ని వచ్చియుండవలసినది.

1988 జూన్ 30న వీరభద్రరావుగారు నలుబదియొకటవ యేటనే గతించిరి. జంట విడిపోయినది. వేలుగారు పిమ్మట దాదాపు పాతికేండ్లు ఒంటరిగా ‘సుత్తి’ పేరు మోసి, 2012 సెప్టెంబరు 16న మద్రాసున, ఇప్పటి చెన్నైలో, మరణించిరి. చిత్రములున్నవి గనుక ఆ ఇరువురి కంఠములు మనకు మిగిలినవి. వీరభద్రరావుగారిని తీర్చిదిద్దిన రేడియోనాటకములను వినినవారి జ్ఞాపకములనైనను ఇప్పుడే వ్రాసియుంచుట మన శాఖలు చేయదగిన పని. ఆ శ్రోతలు వృద్ధులైరి.