తప్పు టైపిస్టుది కాదు

కంప్యూటర్ చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి పెద్ద యంత్రాలు, పెద్ద కంపెనీలు, కోటీశ్వరులైన కుర్రాళ్లు. ఒక వాక్యాన్ని కత్తిరించి మరోచోట అతికించే చిన్న సౌకర్యానికీ చరిత్ర ఉంటుందని రోజూ రాసుకునే మనం కూడా అనుకోం. ఆ చరిత్ర తవ్వుతూ పోతే నాకు మొదట కనిపించింది టైపు మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ల శ్రమ.

టైపు మిషన్ మీద ఒక్క వాక్యం మారితే పేజీ అంతా మళ్లీ కొట్టాలి. మనసు మార్చుకునేది అధికారి, తిరిగి కొట్టేది సెక్రటరీ. 1964లో ఐబీఎం, కొట్టిన అక్షరాలను మాగ్నెటిక్ టేపు మీద దాచే టైపు మిషన్‌ను తెచ్చింది. 1969లో ఎవలిన్ బెరెజిన్ అనే ఇంజనీరు న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో రెడాక్ట్రాన్ కంపెనీ పెట్టి, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లతో పనిచేసే వర్డ్ ప్రాసెసర్ తయారుచేసింది. తప్పున్న చోట దిద్దితే చాలు, మిగతా పేజీని యంత్రమే కొట్టిపెట్టేది. దానికి పెట్టిన పేరు ‘డేటా సెక్రటరీ’. ఆ పని ఎవరిదో ఆ పేరే చెబుతోంది.

యంత్రం వచ్చినా నింద పోలేదు. 1974లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ‘బ్రావో’ అనే ఎడిటర్ తయారైంది. అందులో ఒకే మీట ఒకసారి అక్షరం, ఇంకోసారి ఆజ్ఞ. ఆజ్ఞల స్థితిలో ఉన్నామని మరిచిపోయి ‘ఎడిట్’ అనే ఇంగ్లీషు మాట కొడితే ఏమయ్యేదో చూడండి. ‘ఇ’ అంటే మొత్తం ఎంచుకో. ‘డి’ అంటే తుడిచెయ్. ‘ఐ’ అంటే చేర్చు. చేర్చడానికి మిగిలింది ‘టి’ ఒక్కటే! రాసిందంతా పోయి తెర మీద ఒంటి అక్షరం మిగిలేది. టైపిస్టుకి శ్రద్ధ లేదనడం ఎంత సులువు!

అదే పరిశోధనశాలలో లారీ టెస్లర్ ఈ లోపం మనిషిది కాదు, యంత్రానిదన్నాడు. కొత్తగా చేరిన ఒక సెక్రటరీని ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి, దిద్దుబాట్లున్న కాగితం చేతికిచ్చి, ‘వీటిని నువ్వయితే ఎలా చేస్తావు?’ అని అడిగాడు. ఆమె చూపించిన తీరులో ఏ ఆజ్ఞలూ లేవు. చోటు చూపించడం, కొట్టడం, అంతే. టిమ్ మాట్ ‘గిన్’ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థలో ఎడిటర్ల పక్కన కూర్చుని, కత్తెర, జిగురుతో వాళ్లు చేసే పనిని గమనించాడు. 1975 నాటికి ‘జిప్సీ’ తయారైంది. మనం ఇవాళ వాడే కత్తిరింపు, అతికింపు అక్కణ్ణించి వచ్చినవే. చరిత్రలో టెస్లర్, మాట్ పేర్లున్నాయి. అడిగినవాడికి దక్కిన చోటు చెప్పినామెకు దక్కలేదు.

ఆ తర్వాత ఆపిల్ సంస్థలో, 1983లో వచ్చిన ‘లీసా’ కంప్యూటర్‌కి పరీక్షలు జరుగుతున్నప్పుడు ఒక బటన్ మీద ‘డూ ఇట్’ అని రాశారు. ఆ అక్షరాల రూపం వల్ల ఒకరు దాన్ని ‘డోల్ట్’ అని, అంటే ‘మొద్దు’ అని, చదువుకుని నొచ్చుకున్నారు. ఆ బటన్ ‘ఓకే’గా మారింది. వాడే మనిషిని అవమానించకపోవడం కూడా సాంకేతిక విషయమే.

మన భాషలోకి వస్తే, యూనికోడ్ వాడకంలోకి రాకముందు మన చేతిరాతల్ని డీటీపీ సెంటర్లలో కంపోజు చేసినవాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువమంది ఆడపిల్లలే. ఒక్కో వత్తుకి ఒక్కో మీటల కలయిక గుర్తుపెట్టుకోవాలి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా పిచ్చిగీతలు. అచ్చుతప్పు దొర్లితే మాత్రం మాటపడేది ఆ అమ్మాయే.

ఇప్పుడు ‘స్త్రీ’ అని కొట్టి చూడండి. కంటికి అది ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు ముక్కలు. చాలా సాఫ్ట్‌వేర్లలో బ్యాక్‌స్పేస్ నొక్కితే దీర్ఘం ఒక్కటే పోతుంది, మిగతాది నిలుస్తుంది. అదే, అక్షరం ముందు నిలబడి డిలీట్ నొక్కితే మొత్తం పోతుంది. ఇప్పుడే కొట్టినదాంట్లో తప్పు చివరి ముక్కలోనే ఉండొచ్చని, మన లిపి రాసే చేతిని తలుచుకుని ఎవరో చేసిన ఏర్పాటిది.

సౌకర్యం దానంతటదే విముక్తి కాదు. మిక్సీ వచ్చాక రుబ్బురోలు పోయింది గానీ వంటగది మనదిగానే మిగిలింది. వర్డ్ ప్రాసెసర్ మళ్లీ కొట్టే చాకిరీని తీసేసింది. దరిమిలా అధికార్లే తమ ఉత్తరాలు కొట్టుకోవడం మొదలుపెట్టాక సెక్రటరీల ఉద్యోగాలూ తగ్గాయి. లాభం ఎవరికి చేరిందన్న ప్రశ్న అలాగే ఉంది.

తెలంగాణ పోరాటంలో స్త్రీల అనుభవాలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చుకున్నవాళ్లం మనం. మన పుస్తకాలు కంపోజు చేసిన అమ్మాయిల్ని మాత్రం ఇంతవరకు పెద్దగా పలకరించలేదు. ఏ మీట దగ్గర వేళ్లు నొప్పెట్టాయో, ఏ తప్పు తమది కాదో వాళ్లకి తెలుసు. వాళ్లలో చాలామంది ఇంకా మన ఊళ్లలోనే ఉన్నారు.