ఆరెండాల్ పట్టణపు బ్యాంకు చరిత్రము

ధనార్జనము కష్టము. ఆర్జించిన ధనమును పరులచేతికి నమ్మి యిచ్చుట మరింత కష్టము. ఆ నమ్మకముపైననే బ్యాంకులు నిలిచియున్నవి. అది యెట్లు పెరుగునో, యెట్లు కూలునో తెలుపుటకై నార్వే దేశపు దక్షిణతీరమందలి ఆరెండాల్ అను చిన్న పట్టణపు చరిత్రమును సోదరుల యెదుట నుంచుచున్నాము.

నార్వేలో మొదటి పొదుపు బ్యాంకు 1822లో క్రిస్టియానియా నగరమున, అనగా నేటి ఓస్లోలో, స్థాపింపబడెను. 1824లో నిట్టి బ్యాంకులకై ప్రత్యేకశాసనము వెలువడెను. కూలివారును, చిన్నసంసారులును తమ స్వల్పార్జనమును భద్రపఱచుకొనుటయే వీని ముఖ్యోద్దేశము. లాభము పంచుకొను వాటాదారులు వీనికి లేకుండిరి. మిగులు ధనము కొంత నిధికిని, కొంత లోకోపకారమునకును వినియోగపడుచుండెను.

ఓడవర్తకము వర్ధిల్లగా, పెద్ద ఋణముల నొసగు ప్రైవేటు బ్యాంకులును తీరపట్టణములందు బయలుదేఱెను. ఆరెండాల్ ప్రైవేటు బ్యాంకు అట్టిది. ఆ పట్టణము కొయ్యతో నిర్మించిన తెరచాప యోడలకు దేశమున నగ్రగణ్యమై యుండెను. బ్యాంకు నిర్వాహకుడగు ఆక్సెల్ నికోలాయ్ హెర్లోఫ్సన్ తానును ఓడల యజమానియే. ఋణ మిచ్చు చేయియు, పుచ్చుకొను చేయియు నొక్కటే యయ్యెను.

ఇంతలో పొగయోడలు ప్రబలి, తెరచాప యోడల రాబడి క్షీణించెను. వచ్చిన నష్టము తప్పుడు లెక్కలచాటున దాగియుండెను. 1886లో గుట్టు బయటపడి బ్యాంకు మూతపడెను. హెర్లోఫ్సన్ న్యాయస్థానమున శిక్షితుడయ్యెను. దానితోడ ననేక వర్తకులు దివాలా యెత్తిరి. ఓడల రేవులందు పని కొఱవడెను. దాచుకొన్న సొమ్ము పోగొట్టుకొన్న కుటుంబముల దుఃఖమునకు మేర లేకుండెను. మఱుసటి సంవత్సరమే, 1887 ఆగస్టులో, నార్వే కార్మికపక్షము ఆ పట్టణముననే యావిర్భవించెను. తరువాతికాలమున దేశమును పాలించిన పక్ష మదియే.

ఒక్క గాలివానకే ఆ బ్యాంకు కూలలేదు. పొగయోడల పోటీ యితర రేవులకును కలిగినదే. నిర్వాహకుని గౌరవమునే పూచీగా నెంచి, లెక్కలను నిష్పక్షపాతముగ బరీక్షింపకుండుటచే నష్టము వినాశమై పరిణమించెను. విద్యార్థినిధియైనను, సహకారసంఘమైనను, పదిమంది సొమ్మును చేతబట్టినవా రెంత పూజ్యులైనను, ఏటేట లెక్కలు సభయెదుట జదివించుట వారియందు అవిశ్వాసము గాదు. అది వారి గౌరవమునకే రక్ష. విత్తమిచ్చు దాతలును, దానిని నిర్వహించు పెద్దలును ఈ విషయమును మనసున నుంతురుగాక యని ప్రార్థించుచున్నాము.