తప్పు లెక్క చూపిన దారి

1931 నవంబరు, న్యూయార్క్. అమెరికా అంతా థాంక్స్‌గివింగ్ పండగ. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో మాత్రం హెరాల్డ్ యూరీ, జార్జ్ మర్ఫీ ఫొటో ప్లేటు మీది నుంచి చూపు తిప్పడం లేదు. ఇంట్లో పండగ భోజనానికి వేళ మించిపోతోంది.

హైడ్రోజన్ వెలుగును విడదీస్తే పడే గీత పక్కన వాళ్లకు మరో గీత కావాలి. రెండింతలు బరువైన హైడ్రోజన్ ఉంటే ఆ గీత ఎక్కడ పడాలో ముందే లెక్కగట్టారు. మామూలు హైడ్రోజన్‌తోనే అక్కడ సన్నగా ఏదో కనిపించింది. పరికరం లోపమేమోనని అనుమానం. తేల్చాలంటే బరువైనది ఎక్కువున్న నమూనా కావాలి. వాషింగ్టన్‌లో ఫెర్డినాండ్ బ్రిక్‌వెడ్ లీటర్లకొద్దీ ద్రవ హైడ్రోజన్‌ను ఆవిరి చేసి, అడుగున మిగిలిన కొద్దిపాటి హైడ్రోజన్‌ను పంపాడు. మొదటి నమూనాలో తేడా లేదు. ఇంకా చల్లగా, సున్నాకు దాదాపు 259 డిగ్రీల కింద, మళ్లీ మరిగించి పంపాడు. ఈసారి గీత స్పష్టంగా ముదిరింది. యూరీ ఆలస్యంగా ఇల్లు చేరి, సాధించామని భార్య ఫ్రీడాకు చెప్పాడు. 1934లో నోబెల్ వచ్చింది.

ఈ కథలో నన్ను కదిలించేది ఆ గీత కన్నా, దాని కోసం వెతికించిన లెక్క. ఆక్సిజన్‌లోనూ బరువైన రకాలున్నాయని 1929లో తేలింది. అలాగైతే హైడ్రోజన్ బరువుకు రసాయనవేత్తల అంకె, పరమాణువుల బరువు కొలిచే ఆస్టన్ పరికరం చెప్పిన అంకె వేరుగా ఉండాలి. అవి దాదాపు ఒకటిగా ఉన్నాయి. అంటే హైడ్రోజన్‌లోనూ బరువైనది దాగి ఉండాలని శాస్త్రవేత్తలు బర్జ్, మెంజెల్ వాదించారు. ఆ మాట పట్టుకునే యూరీ బయల్దేరాడు. తరవాత ఆస్టన్ తన అంకె సరిదిద్దుకున్నాడు. దాంతో ఆ వాదనకు ఆధారమే పోయింది! ఆ పొరపాటు లేకపోతే బహుశా వెతికేవాళ్లమే కాదని యూరీ తరవాత ఒప్పుకున్నాడు. ఆ పరమాణువు ఎందుకంత బరువో కూడా అప్పటికి తెలియదు. 1932 ఫిబ్రవరిలో భౌతిక శాస్త్రవేత్త చాడ్విక్ న్యూట్రాన్‌ను పట్టుకున్నాకే జవాబు దొరికింది.

ఆ బరువైన హైడ్రోజన్ ఉన్న నీరే భారజలం. ఇక దాన్ని తయారుచేసే మన వైపు చూద్దాం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరి దగ్గర అశ్వాపురంలో మణుగూరు భారజల కర్మాగారం ఉంది. 1991లో మొదలైంది. సామర్థ్యం ఏటా 185 టన్నులు. గోదావరి నీటిలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి యూరీ చూసిన రకం. దాన్ని ఏరడానికి నీటిని, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎత్తైన టవర్లలో ఎదురెదురుగా నడుపుతారు. చల్లని టవర్‌లో బరువైన హైడ్రోజన్ నీటిలోకి చేరుతుంది, వేడి టవర్‌లో వాయువులోకి మారుతుంది. మళ్లీ మళ్లీ ఇలా చేస్తే చిక్కబడుతుంది. వాయువు మాత్రం ప్రాణాంతకం, ప్రతి వాల్వు దగ్గరా కాపలా కాయాల్సిందే. బొగ్గు కాల్చి తీసిన ఆవిరే దీనికి శక్తి. ఇలా తయారైన భారజలం అణు రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గిస్తుంది, వాటిని అతి తక్కువగా మింగుతుంది. అందుకే సుసంపన్నం చేయని సహజ యురేనియంతోనే మన రియాక్టర్లలో ఎక్కువ భాగం నడుస్తాయి.

యూరీని దారి పట్టించిన బరువైన ఆక్సిజన్‌ను, ఆక్సిజన్-18ను, ఇప్పుడు ఈ కర్మాగారంలోనే వేరు చేస్తున్నారు. క్యాన్సర్ రోగులకు పెట్ స్కాన్ తీసేటప్పుడు ఎక్కించే ఫ్లోరిన్-18 మందుకు అదే ముడిసరుకు.