రెండు గోడల గాడి: రిసీవరు, స్పీకర్ల వెనక చరిత్ర

రిసీవర్ అన్న పేరు రేడియోది. గాలిలో వచ్చే తరంగాలను అందుకునే యంత్రం కనుక దానికా పేరు వచ్చింది. ఈనాడు హోమ్ థియేటర్ కోసం మనం కొనే పెట్టెలో రేడియో ఒక మూలన ఉంటుంది కానీ, దాని ఏంటెనా తీగను బిగించే శ్రమ కూడా చాలామంది తీసుకోరు. టీవీనుంచి, ఫోనునుంచి వచ్చే సంకేతాన్ని విడదీసి, పెంచి, ఐదో ఏడో తొమ్మిదో స్పీకర్లకు పంచడమే దాని అసలు పని. పని మారినా పేరు నిలిచిపోయింది. 1954లో హార్మన్ కార్డన్ సంస్థ ఫెస్టివల్ డి1000 పేరుతో రేడియోను, ఆంప్లిఫయర్‌ను ఒకే పెట్టెలో కూర్చి అమ్మింది. హై-ఫై రిసీవర్లలో తొలివాటిలో అది ఒకటి. 1961 జూన్‌లో అమెరికాలో ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారాలు మొదలయ్యాక ఇలాంటి పెట్టె మధ్యతరగతి ఇళ్ళలోకి చేరింది.

ఆ పెట్టెలో ఇప్పుడు రెండు వంశాలు కాపురం చేస్తున్నాయి. ఒకటి గ్రామఫోను రికార్డుది, మరొకటి సినిమాహాలుది. సంగీతానికీ సినిమాకూ కలిపి ఏ రిసీవర్ కొనాలి, ఎన్ని స్పీకర్లు పెట్టాలి అన్న ప్రశ్నకు జవాబు మోడల్ నంబర్లలో కన్నా ఈ రెండు వంశాల మధ్య తేడాలోనే ఎక్కువగా దొరుకుతుందని నా అభిప్రాయం.

కథ 1931లో మొదలవుతుంది. లండన్‌లో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజనీరు ఆలన్ బ్లమ్లీన్ ఆ ఏడాది డిసెంబరులో స్టీరియో ధ్వనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. టాకీలో నటుడు తెరమీద ఒక వైపునుంచి ఇంకో వైపుకు నడుస్తుంటే అతని గొంతు మాత్రం ఒకేచోటినుంచి రావడం ఆయనకు నచ్చలేదని చెబుతారు. అంటే స్టీరియో ఊహ పుట్టింది సినిమా చూస్తూ. పెరిగింది మాత్రం రికార్డు మీద. రికార్డు గాడికి రెండు గోడలుంటాయి. ఒక్కొక్కటి 45 డిగ్రీల వాలులో ఉంటుంది. ఒక గోడమీద ఎడమ ధ్వనిని, ఇంకో గోడమీద కుడి ధ్వనిని చెక్కవచ్చునని ఆయన పేటెంటులోనే రాశాడు. స్టీరియో రికార్డులు అంగట్లోకి వచ్చేసరికి 1958 అయింది. దాన్ని చూడటానికి బ్లమ్లీన్ లేడు. 1942లో రాడార్ పరీక్షలు జరుపుతున్న విమానం కూలి, 38 ఏళ్ళకే మరణించాడు.

ఇదే కాలంలో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు వేరే దారిన వెళ్ళారు. 1933 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రా ధ్వనిని టెలిఫోను తీగల మీదుగా వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు పంపారు. ఖాళీ వేదికమీద స్పీకర్లు మాత్రమే ఉన్నాయి. ఆర్కెస్ట్రా సంచాలకుడు స్టొకోవ్‌స్కీ బృందంతోపాటు ఫిలడెల్ఫియాలో ఉండక, వాషింగ్టన్ హాల్లో నియంత్రణ యంత్రాల దగ్గర కూర్చున్నాడు. పంపిన ఛానెళ్ళు మూడు: ఎడమ, మధ్య, కుడి. పెద్ద హాల్లో అందరూ నడిమధ్య కూర్చోరు. పక్క కుర్చీలో ఉన్నవారికి దగ్గరి స్పీకర్ ధ్వని ముందుగా చేరుతుంది, చెవి ముందు విన్న ధ్వని వైపునే మూలాన్ని ఊహించుకుంటుంది. ఇక మధ్యలో ఉండవలసిన గొంతు పక్కకు జారిపోతుంది. మధ్యన నిజంగానే ఒక స్పీకర్ ఉంటే ఆ జారుడు ఉండదు.

కాబట్టి ఇళ్ళలో స్పీకర్లు రెండే ఉండాలన్న నియమం చెవి విధించినది కాదు, గాడి విధించినది. గాడికి మూడో గోడ లేదు. నడిమధ్య కూర్చున్న ఒక్క శ్రోతకు ఆ రెండూ చాలు, చాలా బాగా చాలు. హాలులో వందలమంది ఉంటారు కనుక సినిమా మధ్య స్పీకరును వదులుకోలేదు. ఈనాటికీ సంభాషణల్లో అధికభాగం అక్కడినుంచే వస్తుంది. మన ఇంటి సోఫాకు ఇది నేరుగా వర్తిస్తుంది. రాత్రి ఒంటరిగా కూర్చుని కచేరీ వినే అలవాటున్నవారు డబ్బంతా రెండు మంచి స్పీకర్లమీద పెట్టడమే ఉత్తమం. నలుగురు వరసగా కూర్చుని సినిమా చూసే ఇంట్లో మొదట చేర్చవలసింది మధ్య స్పీకరు, అదీ ముందున్న రెండింటి కుటుంబానికి చెందినదే అయి ఉండాలి. వెనక స్పీకర్ల సంగతి ఆ తరువాత. దుకాణాల్లో దీనికి పూర్తిగా తలకిందుల సలహా ఇస్తారు. పెట్టెలో స్పీకర్లు ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప అన్నట్టు.

స్పీకర్ల చరిత్ర ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు శంకువు – ఈ రూపాన్ని 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ అనే ఇద్దరు స్థిరపరిచారు. నూరేళ్ళయినా మౌలికంగా మారలేదు. మారింది దాని వెనకున్న పెట్టె. మంద్రస్థాయి ధ్వని బాగా పలకాలంటే 1950ల తొలినాళ్ళలో బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. 1954లో మాసచూసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో ఎడ్గర్ విల్చర్, అతని సహచరుడు హెన్రీ క్లాస్ ఏ.ఆర్.-1 అనే చిన్న పెట్టెను తెచ్చారు. విల్చర్ ఉపాయం సరళమైనది. పెట్టెను గాలి చొరకుండా మూసేసి, లోపల బందీ అయిన గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి మృదంగం తొప్పి గంభీరంగా పలికే వీలు అప్పటినుంచే కలిగింది.

అయితే దానికి మూల్యం ఉంది. క్లాస్ ఆ తరువాత భాగస్వాములతో స్థాపించిన సంస్థలో ఒకరైన హాఫ్‌మన్ పేరుమీద ఈ రంగంలో ఒక సూత్రం నిలిచింది. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ శక్తితో ఎక్కువ ధ్వని – ఈ మూడింటిలో ఏవైనా రెండే దొరుకుతాయి. విల్చర్ మొదటి రెండూ తీసుకుని మూడోదాన్ని వదిలేశాడు. పర్యవసానంగా చిన్న స్పీకర్లు పెద్ద ఆంప్లిఫయర్లను అడిగాయి. ట్రాన్సిస్టర్లు వచ్చి ఆ శక్తిని చౌకగా ఇచ్చాయి. దాంతో వాట్ల పందెం మొదలైంది.

ఆ పందెంలో అబద్ధాలు విరివిగా దొర్లాయి. రెప్పపాటులో వచ్చే శిఖరశక్తిని కొలిచి ప్రకటనల్లో వేసేవారు. ఒకే యంత్రం ఒకచోట 20 వాట్లు, ఇంకోచోట 100 వాట్లు అనిపించుకునేది. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం తెచ్చి ఈ ఆటకు కొంత అడ్డు వేసింది. యంత్రాన్ని మూడో వంతు శక్తితో గంటసేపు వేడెక్కించి, అన్ని ఛానెళ్ళూ పనిచేస్తుండగా నిరంతరశక్తిని కొలిచి ప్రకటించాలన్నది దాని సారాంశం. నిజం చెప్పక తప్పని పరిస్థితిలో తయారీదారులు నిజంగానే భారీ యంత్రాలు కట్టారు. వియత్నాం యుద్ధకాలంలో సైనికుల దుకాణాల ద్వారా అమెరికాకు పరిచయమైన జపాన్ సంస్థలు ఇందులో ముందున్నాయి. 1978లో వచ్చిన పయొనీర్ ఎస్.ఎక్స్.-1980 రిసీవర్ ఛానెలుకు 270 వాట్లు ఇచ్చేది, బరువు సుమారు 35 కిలోలు. 1965 వలసచట్టం తరువాత వచ్చిన తొలితరం తెలుగువారి బేస్‌మెంట్లలో వెండిరంగు ముఖమున్న బరువైన పెట్టె ఎక్కడైనా కనబడితే అది బహుశా ఆ యుగపు సరుకే. దాన్ని పారేసేముందు ఒకసారి ఆలోచించడం మంచిది.

ఆ నియమం రెండు ఛానెళ్ళ కాలంలో పుట్టింది. ఏడు, తొమ్మిది ఛానెళ్ళ రిసీవర్ల మీద ఈనాడు కనిపించే వాట్ల సంఖ్య సాధారణంగా రెండు ఛానెళ్ళను మాత్రమే నడిపి కొలిచినది. మరీ చౌకరకాల మీద ఒక ఛానెలును, ఒకే పౌనఃపున్యంలో నడిపి కొలిచిన సంఖ్య కూడా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చిన్న అక్షరాలు చదవాలి. అయినా ఈ సంఖ్య గురించి మరీ బెంగపడనక్కరలేదు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపు అనిపించడానికి సుమారు పదిరెట్ల శక్తి కావాలి. కనుక 80 వాట్లకూ 100 వాట్లకూ మధ్య వినిపించే తేడా దాదాపు శూన్యం. ఒక మీటరు దూరంలో ఒక వాట్‌కు 87 డెసిబెళ్ళు ఇచ్చే స్పీకరు బదులు 90 ఇచ్చేది తీసుకుంటే ఆంప్లిఫయర్ శక్తి రెట్టింపైనట్టే. ఇక్కడ హాఫ్‌మన్ సూత్రం మళ్ళీ ఎదురొస్తుంది: ఆ 90 ఇచ్చేది పెద్దదైనా కావాలి, మంద్రం తక్కువదైనా కావాలి. రెండోదానికి సినిమావారే మందు కనిపెట్టారు. 80 హెర్ట్జ్ కన్నా తక్కువ పౌనఃపున్యంలో ధ్వని ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పెద్దగా పోల్చుకోలేదు కనుక, ఆ భాగాన్ని సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్‌కు అప్పగించారు. టి.హెచ్.ఎక్స్. ఇంటి ప్రమాణాల్లో ఆ 80 హెర్ట్జ్ హద్దు స్థిరపడింది.

సినిమా ధ్వని ఇంట్లోకి వచ్చిన తీరు కొంత దొంగచాటుగా సాగింది. 1970ల మధ్యలో వచ్చిన డాల్బీ స్టీరియో ఫిల్ములో రెండు జాడలే ఉండేవి. వాటిలోనే ఎడమ, మధ్య, కుడి, వెనక అనే నాలుగింటిని గణితంతో మడిచి పెట్టారు. 1977లో స్టార్ వార్స్ దీన్ని లోకానికి చాటింది. ఆ సినిమాలు స్టీరియో వీడియో క్యాసెట్లుగా వచ్చినప్పుడు ఆ మడతలు కూడా చెక్కుచెదరకుండా వాటితోపాటే ఇంటికి వచ్చేశాయి. వాటిని విప్పే పరికరాలు 1982నుంచి దొరికాయి. మధ్య ఛానెలును స్పష్టంగా వేరుచేసే ప్రో లాజిక్ 1987లో వచ్చింది. 1990ల చివర డి.వి.డి. ఐదు ఛానెళ్ళనూ, మంద్రానికి ప్రత్యేకించిన ఆరోదాన్నీ విడివిడిగా మోసుకొచ్చింది. 2012లో హాళ్ళకు వచ్చిన అట్మాస్ రెండేళ్ళకే ఇంటి రిసీవర్లలో చేరి పైకప్పుమీద కూడా కన్నేసింది.

ఈ పరంపరలో రిసీవర్ల ఆయుర్దాయం తగ్గుతూ వచ్చింది. తీగ ముడి మారినా, రక్షణ సంకేతం మారినా, నిక్షేపంలాంటి యంత్రం కొత్త టీవీతో మాటలాడలేని స్థితికి వస్తుంది. స్పీకరుకు ఆ బాధ లేదు, రెండు తీగలు చాలు. 1958నాటి ఏ.ఆర్.-3లు మరమ్మతులతో ఇంకా పాడుతున్నాయి. అందుకే ఖర్చులో పెద్ద వాటా స్పీకర్లదై ఉండాలి. ఇక ఏవి మంచివి? దీనికి కెనడా ప్రభుత్వ పరిశోధనాసంస్థలో ఫ్లాయిడ్ టూల్ 1980లలో చేసిన పరీక్షలు ఇప్పటికీ దీపం పట్టుకుని నిలబడి ఉన్నాయి. స్పీకర్లను తెరచాటున ఉంచి వినిపిస్తే వేర్వేరు మనుషుల తీర్పులు ఆశ్చర్యకరంగా కలిశాయి. ఎదురుగా అన్ని స్థాయిలనూ సమంగా పలికించి, పక్కలకు కూడా అదే స్వభావంతో ధ్వనిని వెదజల్లే స్పీకర్లను వారు మెచ్చారు. తరువాత ఆయనా, షాన్ ఆలివ్ కలిసి తెర తీసి కూడా పరీక్షించారు. పేరు, పరిమాణం కళ్ళబడగానే తీర్పులు మారిపోయాయి. కొనబోయేముందు ఆ రకమైన కొలతల పటం దొరికితే చూడటం, దొరకకపోతే మనకు కంఠస్థమైన ఒక గొంతును, ఒక వీణను వెంట తీసుకువెళ్ళి వినడం – ఈ రెండింటికన్నా మెరుగైన మార్గం నాకు తెలియదు.

తెలుగు శ్రోతకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మన వినికిడి నిధిలో అధికభాగం ఒకే ఛానెలుది. తెలుగులో ఆరు ట్రాకుల స్టీరియోతో 70 ఎం.ఎం. సినిమా 1986లో సింహాసనంతో గానీ రాలేదు. 1957నాటి మాయాబజార్ మోనో. దానికి రంగులు అద్ది 2010లో విడుదల చేసినప్పుడు ధ్వనిని కూడా డి.టి.ఎస్.కు మార్చారు, ఆ ముచ్చట వేరు. పాత ముద్రణ వింటున్నప్పుడు రిసీవర్ తనంతట తానుగా ఘంటసాల గొంతును గదంతా పరిచే ప్రయత్నం చేస్తుంది. అప్పుడు 'స్టీరియో' లేదా 'డైరెక్ట్' అన్న మీట నొక్కితే వెనకవీ పైవీ మౌనం వహిస్తాయి. ముందున్న రెండు స్పీకర్లూ అక్షరాలా ఒకటే మాట పలుకుతూ, సరిగ్గా వాటి నడుమ, ఏ స్పీకరూ లేనిచోట, గొంతును నిలబెడతాయి.