టెక్స్ట్ ఫైళ్ల విలీనం

వేర్వేరు ఫైళ్లలో ఉన్న సమాచారాన్ని షెల్ ఆదేశాలతో ఒకే పట్టికగా కూర్చి, నిలువు వరుసలను కావలసిన క్రమంలోకి మార్చే పద్ధతి ఇది. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంతో పాటే పుట్టింది. 1971 నాటి తొలి సంచికలోనే ఫైళ్లను ఒకదాని కింద ఒకటి చేర్చే 'క్యాట్', క్రమంలో పెట్టే 'సార్ట్' ఉన్నాయి. ఒక ప్రోగ్రాం ఇచ్చిన ఫలితాన్ని నేరుగా మరో ప్రోగ్రాంకు అందించాలన్న ఆలోచనను డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే కాగితం మీద పెట్టాడు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని 'పైపు'గా అమలు చేశాడు. ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్‌లు 1977లో రాసిన, ఫైలును వరుస వరుసగా చదివి మలిచే 'ఆక్', ఉమ్మడి గుర్తును బట్టి రెండు ఫైళ్లను జతకలిపే 'జాయిన్', స్టీఫెన్ బోర్న్ షెల్ – మూడూ 1979లో ఏడో సంచికతో బయటికి వచ్చాయి. అసలు పనిముట్లు అప్పటికే సిద్ధం. 1989లో వచ్చిన 'బాష్' షెల్ వాటిని వాడే తీరును సులువు చేసింది, అంతే.

తెలంగాణలో ఈ పని ఎంత అవసరమో 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణ చెబుతుంది. పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. 2011 జనగణన ఫైళ్లలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ కిందే ఉంటాయి. ఇప్పుడు మొదటి రెండూ జగిత్యాల జిల్లాలో, మూడోది రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నాయి. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి సిద్దిపేటకు పోయాయి. కమలాపూర్, ఎల్కతుర్తి అప్పటి వరంగల్ అర్బన్‌కు చేరాయి. కాబట్టి 'కరీంనగర్' అన్న చోటల్లా మరో పేరు పెడితే సరిపోదు. మండలాల జాబితా ఒక్కటే ఉన్నా చాలదు: బీర్‌పూర్, బుగ్గారం, రుద్రంగి, వీర్నపల్లి వంటి కొత్త మండలాలు పాత మండలాల ఊళ్లతోనే ఏర్పడ్డాయి. ఊరి స్థాయి పట్టికను పాత ఫైలుతో కలపాల్సిందే.

కలపడంలో చిక్కు ఎక్కడుందో ఈ మూడు పట్టణాలతోనే చూడవచ్చు. ఇంగ్లిష్ అక్షర క్రమంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అని వస్తుంది. తెలుగు అకారాది క్రమంలో కోరుట్ల ముందుకొస్తుంది. పిన్‌కోడ్ ప్రకారమైతే సిరిసిల్ల (505301), కోరుట్ల (505326), జగిత్యాల (505327). మూడు ఫైళ్లు, మూడు క్రమాలు. 'పేస్ట్' ఆదేశం మొదటి వరుస పక్కన మొదటి వరుసనే పెడుతుంది, అర్థం చూడదు. ఒక ఊరి పిన్‌కోడ్ ఇంకో ఊరికి అంటుకున్నా తప్పని చెప్పదు. 'జాయిన్' అలా చేయదు గానీ, రెండు ఫైళ్లూ ఉమ్మడి గుర్తు మీద ఒకే నియమంతో ముందే సార్ట్ అయి ఉండాలి. సార్ట్ లొకేల్‌ను (భాషా అమరికను) బట్టి మారుతుంది కనుక, రెండింటికీ 'ఎల్‌సీ_ఆల్=సీ' పెట్టడం మంచి అలవాటు. ఆక్‌కు ఆ బాధ లేదు: ఒక ఫైలును జ్ఞాపకంలో పెట్టుకుని రెండోదాన్ని చదువుతూ పోతుంది. నా ఉద్దేశంలో కొత్తవారు దీంతోనే మొదలుపెట్టాలి.

తెలుగు లిపి మరో మెలిక పెడుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. అందులో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. 'జగిత్యాల'లో ఒత్తులు, గుణింతాలతో కలిపి ఎనిమిది సంకేతాలు, అంటే 24 బైట్లు. బైట్ల లెక్కన కోసే ఆదేశం అక్షరాన్ని మధ్యలో తుంచేస్తుంది. కోరుట్ల ఒక జాబితాలో 'కోరట్ల'గానూ కనిపిస్తుంది. యంత్రానికి అవి రెండు ఊళ్లు.

అందుకే పేరుతో జతకలపడం పొరపాటు. పిన్‌కోడ్ కూడా నమ్మదగ్గ గుర్తు కాదు, ఒక్క కోడు కిందే ఎన్నో ఊళ్లుంటాయి. 2011 జనగణన ఒక్కో గ్రామానికి ఇచ్చిన ఆరంకెల కోడు మేలు. జత దొరకని వరుసలను జాయిన్ మామూలుగా చెప్పకుండానే వదిలేస్తుంది. '-వి'తో పాటు ఫైలు సంఖ్య (1 లేదా 2) ఇస్తే ఆ ఫైలులోని అలాంటి వరుసలను మాత్రమే చూపిస్తుంది. విలీనమైన పట్టికను ఎవరికైనా ఇచ్చే ముందు ఆ జాబితా ఒకసారి చూడండి.